బండలో దారి

పాఠ్యభాగ నేపథ్యం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో మొదటి రెండూ జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరాయి. నేల మీద ఎల్లలు మారినా నేల కింది శిల మారలేదు. ఆ శిలలో నీరు ఎక్కడ నిలుస్తుంది, పీడనంతో నీటిని పంపితే శిల ఎలా పగులుతుంది, ఆ పగులు పోకడను కంప్యూటర్ ఎలా లెక్కకడుతుంది అనే విషయాలను ఈ పాఠ్యభాగం వివరిస్తుంది.

పాఠ్యభాగం

వేసవిలో కోరుట్ల నుంచి జగిత్యాల మీదుగా సిరిసిల్ల వైపు వెళ్లే ప్రయాణికునికి దారిలో రెండు దృశ్యాలు కనబడుతూ ఉంటాయి. పొలాల నడుమ ఏనుగులు పడుకున్నట్లుండే బండగుట్టలు ఒకటి. ఆ గుట్టల నీడలోనే తెల్లని దుమ్ము చిమ్ముతూ గర్జించే బోరుబండి మరొకటి. బోరుబండి చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఉంటారు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకొని చోటు చూపిన పెద్దమనిషీ అక్కడే ఉంటాడు. మూడు వందల అడుగులు దాటినా పైకి వచ్చేది దుమ్మే. “ఇంకో యాభై ఫీట్లు దించుదుమా కాకా?” అని బండిమీది యువకుడు అడుగుతాడు. “దించు బిడ్డా, ఇంతదాక వచ్చినం గద” అంటాడు రైతు. ఆ యాభై అడుగుల ఖరీదు అప్పటికే అప్పుగా మారి ఉంటుంది.

ఇరవై అడుగుల అవతల పొరుగు రైతు బోరులో నీరు ధారగా పడుతూ ఉంటుంది. ఒకే నేల, ఒకే వాన. అయినా ఒకరికి నీరు, ఒకరికి దుమ్ము. దీనిని అదృష్టమని సరిపెట్టుకోవడం ఊరివారికి అలవాటు. శాస్త్రజ్ఞులు దీనిని శిలానిర్మాణంలో వెతికారు.

ఈ ప్రాంతపు బండ గ్రానైటు జాతికి చెందినది. సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందట భూమి లోతుల్లో ద్రవరూపంలో ఉండి, మెల్లమెల్లగా చల్లారి గట్టిపడినది. ఇసుకరాయిలో రేణువుల మధ్య ఖాళీలుంటాయి. గ్రానైటులో స్ఫటికాలు ఒకదానిలో ఒకటి బిగుసుకొని ఉంటాయి. చెక్కుచెదరని గ్రానైటు ముక్కను ఎంతకాలం నానబెట్టినా అది పీల్చే నీరు దాని ఘనపరిమాణంలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. కరీంనగర్ ప్రాంతపు గోధుమవన్నె గ్రానైటు ‘టాన్ బ్రౌన్’ అనే పేరుతో విదేశాలకు ఎగుమతి కావడానికి ఈ గుణమూ ఒక కారణమే. నీరు ఇంకదు, మరక పట్టదు, మెరుగు నిలుస్తుంది. వంటగది అరుగుకు మేలైన ఆ గుణమే బావి తవ్వుకొనే రైతుకు శాపమైనది.

మరి బోరులో పడే నీరు ఎక్కడిది? ఈ ప్రశ్నకు తెలంగాణలో అత్యధిక శ్రద్ధతో సమాధానం వెతికిన చోటు మహేశ్వరం. హైదరాబాదుకు దక్షిణాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 53 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల పరీవాహక ప్రాంతమది. 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్సు దేశపు భూవిజ్ఞాన సంస్థ బీఆర్‌జీఎంతో కలిసి అక్కడ ఏళ్ల తరబడి బోర్లను పరిశీలించింది. షకీల్ అహ్మద్, జాన్ క్రిస్టోఫ్ మరెషల్, బెన్వా ద్వాందెల్ మొదలైన పరిశోధకులు ఈ పనిలో పాల్గొన్నారు. వారు చూపిన చిత్రం ఇది: పైన మట్టి, మొరం, దాని కింద వానకూ ఎండకూ చివికి మెత్తబడిన రాయి. దాని కింద సన్నని పగుళ్లతో నిండిన రాతిపొర. ఆ పగుళ్లలో ఎక్కువ భాగం నేలకు దాదాపు సమాంతరంగా, పేర్చిన విస్తరాకుల సందుల వలె ఉంటాయి. ఆ పొర కింద పగులు లేని గట్టిబండ. మహేశ్వరంలో బోర్లకు నీరిచ్చే పగుళ్లలో అధికభాగం 35 మీటర్ల లోతులోపే ఉన్నట్లు తేలింది. అంటే సుమారు 115 అడుగులు.

కోరుట్ల మహేశ్వరం కాదు. చివికిన పొర మందం ఊరూరికీ మారుతుంది. ఎక్కడో ఒకచోట లోతైన పగులు తగిలి ఐదు వందల అడుగుల వద్ద జల పడవచ్చు కూడా. అటువంటి బోరు ఒక్కటి పడితే దాని మాట పది ఊళ్లకు పాకుతుంది. పడని బోర్ల మాట పాకదు. లోతు పెరిగిన కొద్దీ పగులు తగిలే అవకాశం తగ్గుతూ పోతుందనేది మాత్రం గ్రానైటు నేలలన్నింటికీ చెల్లే నియమం. మూడు వందల యాభయ్యో అడుగు మీద రైతు పెట్టే ఆశకు శిలలో ఆధారం చాలా స్వల్పం.

కొత్త బోరు వేయడానికి బదులు ఉన్న బోరులోని పగుళ్లనే వెడల్పు చేయవచ్చునా అనే ఆలోచన ఇక్కడి నుంచి పుట్టినది. బండను చీల్చే విద్య ఈ ప్రాంతానికి కొత్త కాదు. వడ్డెర పనివారు బండ ఏ వైపు సులువుగా చీలుతుందో ముందుగా చూస్తారు. ఆ వరుసలో చిన్న చిన్న గుంతలు తొలిచి వాటిలో ఇనుప చీలలు దిగగొడతారు. ఒక్క దెబ్బకు ఏమీ జరగదు. వరుసగా, సమానంగా దెబ్బలు పడుతూ ఉంటే ఏదో ఒక దెబ్బకు బండ గీత గీసినట్లు రెండుగా విడిపోతుంది. ఇనుప చీల చేసే పనిని పీడనంలో ఉన్న నీటి చేత చేయిస్తే దానిని జలపీడన విదారణ అంటారు. ఇంజనీర్ల వాడుకలో హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్.

ఈ పద్ధతిని మొదట వాడినది నీటికోసం కాదు. 1947లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, హ్యూగోటన్ అనే సహజవాయు క్షేత్రంలో తొలి ప్రయోగం జరిగింది. ఆ ప్రయోగం బావి దిగుబడిని చెప్పుకోదగినంతగా పెంచలేదు. అయినా రెండేళ్లకే, 1949లో, అది వ్యాపారస్థాయికి చేరింది. తరువాతి కాలంలో షేల్ అనే పలకరాతి నుంచి వాయువు తీయడానికి ఇదే ప్రధాన సాధనమైనది. భారతదేశంలో ఓఎన్‌జీసీ సంస్థ 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని దుర్గాపూర్ సమీపంలో షేల్ వాయువును కనుగొన్నది. చమురు బావులలో వేల మీటర్ల లోతున, ఇసుకతోను రసాయనాలతోను కలిపిన నీటిని పంపుతారు. ఆ నీటి వలన భూగర్భజలం కలుషితమవుతుందన్న ఆందోళన అనేక దేశాలలో ఉన్నది.

గ్రామంలో తాగునీటి బోరుపై చేసే పని దీనికి తమ్ముడి వంటిది. లోతు తక్కువ, నీరు మంచినీరే. కేసింగు పైపు కింద, గట్టిరాయి మొదలైన చోట, ఉబ్బే రబ్బరు బిరడాను దించి బిగిస్తారు. దీనిని ప్యాకర్ అంటారు. దాని కిందికి పంపు ద్వారా నీటిని బలంగా ఎక్కిస్తారు. పీడనమాపకంలో ముల్లు పైకి, ఇంకా పైకి కదులుతూ ఉంటుంది. ఒక్కసారిగా అది కిందికి పడితే లోపల ఏదో పగులు తెరుచుకున్నదని అర్థం. ఏళ్ల తరబడి బంకమట్టితో పూడుకుపోయిన సందులు ఒక్కోసారి కడుక్కుపోయి బోరుకు మళ్లీ ఊట వస్తుంది. ఒక్కోసారి ముల్లు పడినా నీరు పెరగదు. ఈ తేడా ఎందుకో తెలియాలంటే బండ లోపలి బలాలను గురించి తెలుసుకోవాలి.

వంద మీటర్ల లోతున ఉన్న పగులు మీద పైనున్న రాయి బరువంతా ఉంటుంది. గ్రానైటు నీటికంటె సుమారు 2.7 రెట్లు బరువైనది కనుక అక్కడ ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 27 కిలోల భారం పడుతుంది. బోరు నిండా నీరుంటే ఆ నీటి బరువే 10 కిలోల పీడనాన్నిస్తుంది. మిగిలిన 17 కిలోలు పంపు అందించాలి. అంతకు కొంచెం మించితే, పడుకొని ఉన్న పాత పగులు పెదవి విప్పుతుంది. కాని పగులు లేని గ్రానైటును కొత్తగా చీల్చాలంటే ఈ లెక్క చాలదు. దాని అతుకును తెంచడానికే చదరపు సెంటీమీటరుకు వంద కిలోల స్థాయిలో అదనపు లాగుడు కావాలి. కనుక నీరు ఎప్పుడూ కొత్త దారి వేయడానికి ముందు పాత దారినే వెతుక్కుంటుంది. అసలు పగుళ్లే లేని ఎండు బోరులో ఈ ప్రయత్నం సాధారణంగా ఎందుకు వృథా అవుతుందో దీనివలన తెలుస్తుంది. ఈ సంగతి రైతుకు చెప్పకుండా ఎండు బోరుపై డబ్బు పెట్టించడం తగని పని.

శిలలో బరువు పైనుంచి మాత్రమే ఉండదు. పక్కలనుంచి కూడా ఒత్తిడి ఉంటుంది. ప్రమాణ వైశాల్యంపై పనిచేసే ఈ అంతర్గత బలాన్ని ప్రతిబలం అంటారు. పగులు తనకు ఎదురు తక్కువగా ఉన్న దిశలోనే తెరుచుకుంటుందని కింగ్ హబ్బర్ట్, డేవిడ్ విల్లిస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1957లో వివరించారు. సామాను నిండిన గదిలో అడ్డు తక్కువగా ఉన్న తలుపే తెరుచుకున్నట్లు. దీనినే తిప్పి చూస్తే మరొక ప్రయోజనం కలుగుతుంది. పగులు తెరుచుకున్న పీడనాన్ని, పంపు ఆపగానే నిలిచిన పీడనాన్ని కొలిస్తే బండ లోపలి ప్రతిబలమెంతో బయటపడుతుంది. ఇటువంటి కొలతలనూ, భూకంపాల నుంచి లభించిన సమాచారాన్నీ కలిపి టి.ఎన్. గౌడ్, ఎస్.వి. శ్రీరామరావు, వి.కె. గౌర్ 1992లో భారత ఉపఖండపు ప్రతిబల చిత్రాన్ని ప్రచురించారు. ద్వీపకల్పపు మధ్యభాగంలో అధిక ఒత్తిడి స్థూలంగా ఉత్తర–ఈశాన్య దిశలో ఉన్నట్లు అందులో తేలింది. భారత ఫలకం ఉత్తరానికి జరుగుతూ హిమాలయాలను తోస్తున్నది గదా, ఆ తోపుడుకు ప్రతిధ్వని వంటిదే దక్కను బండలోని ఈ ఒత్తిడి. కోరుట్ల పొలంలోని బోరుకూ హిమాలయానికీ సంబంధమున్నదంటే మొదట వింతగానే తోస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్ అవసరం ఎందుకు వచ్చినదో చూడవచ్చు. పగులులో నీటి ప్రవాహం ఆ పగులు వెడల్పు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వెడల్పు 0.1 మిల్లీమీటరు నుంచి 0.2కు పెరిగితే ప్రవాహం రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు. 0.3కు పెరిగితే ఇరవై ఏడు రెట్లు. తల వెంట్రుక మందం తేడాతో బోరు భాగ్యం మారిపోతుంది. పంపు ఆపిన తరువాత పగులు తిరిగి మూసుకొని 0.12 వద్ద నిలిస్తే మిగిలే లాభం ఒకటి ముప్పావు రెట్లు మాత్రమే. చమురు బావులలో ఇసుక రేణువులను పంపేది పగులు పెదవులు మళ్లీ కలవకుండా ఆపడానికే. పీడనం కింద పగులు ముఖాలు కొంచెం పక్కకు జరిగితే, వాటి గరుకుదనం వలన కూడా సందు నిలిచి ఉంటుంది.

చిక్కు ఇక్కడ ఉన్నది. పగులు వెడల్పు ఎంతో తెలియాలంటే లోపలి నీటి పీడనం తెలియాలి. పీడనం తెలియాలంటే నీరు ఎంత సులువుగా పారుతున్నదో, అంటే వెడల్పు ఎంతో తెలియాలి. ఈ లోపల పగులు కొస ముందుకు పాకుతూ ఉంటుంది. పక్కనున్న సన్నని సందులలోకి కొంత నీరు జారిపోతూ ఉంటుంది. ఒకదానిని కదిలిస్తే మిగిలినవన్నీ కదులుతాయి. 1955లో రష్యన్ శాస్త్రజ్ఞులు ఖ్రిస్టియానోవిచ్, జెల్తోవ్, 1961లో పెర్కిన్స్, కెర్న్, తరువాత గీర్ట్‌స్మా, డి క్లెర్క్, నార్డ్‌గ్రెన్ కాగితం మీదనే ఈ ముడిని విప్పడానికి యత్నించారు. శిల అంతటా ఒకే తీరున ఉన్నదని, పగులు ఎత్తు మారదని, అది తిన్నగా పోతుందని అనుకుంటేనే వారి సమీకరణాలు లొంగాయి. ఆ సూత్రాలు నేటికీ తొలి అంచనాకు పనికివస్తాయి. కాని గ్రానైటు బండ అంత బుద్ధిమంతురాలు కాదు.

కంప్యూటర్ ఈ బండను ఎలా పట్టుకొంటుందో సిరిసిల్లలో మగ్గం చూసినవారికి చెప్పడం సులువు. గుడ్డలో పడుగు నిలువు పోగులు, పేక అడ్డు పోగులు. బండను కూడా కంప్యూటర్ ఊహలో అటువంటి అల్లికగా, వేలాది చిన్న గళ్లుగా విడగొడతారు. ప్రతి గడికి దాని గట్టిదనం, దాని మీది ప్రతిబలం, దానిలోని నీటి పీడనం అంకెలుగా ఇస్తారు. మరమగ్గం మీద ఒక పడుగు పోగు తెగితే అది మోసిన భారం ఇరుపక్కల పోగుల మీద పడుతుంది. మగ్గం ఆపి అతకకపోతే అవీ తెగవచ్చు. శిలలోనూ ఇదే తీరు. ఒక గడి విడిపోయినప్పుడు దాని భారం పగులు కొసన ఉన్న గళ్ల మీదికి చేరుతుంది. చిన్న పగులు కొస వద్ద బలమంతా కేంద్రీకరించడం వలననే గాజు వంటి పెళుసు పదార్థాలు తమ సహజబలం కంటె చాలా తక్కువ భారానికే విరుగుతాయని ఆలన్ గ్రిఫిత్ 1921లో నిరూపించాడు. కంప్యూటర్ ప్రతి గడి వద్దా ఆ భారాన్ని లెక్కించి, విడిపోతుందా నిలుస్తుందా అని పరీక్షిస్తుంది.

వెడల్పుకూ పీడనానికీ ఉన్న చక్రాన్ని అది ఓపికతో ఛేదిస్తుంది. మొదట ఒక వెడల్పును ఊహిస్తుంది. దానికి తగిన పీడనం లెక్కిస్తుంది. ఆ పీడనానికి తగిన కొత్త వెడల్పును లెక్కిస్తుంది. రెండు వెడల్పులూ కలియకపోతే మళ్లీ మొదలు. అవి దాదాపు ఒకటయ్యే వరకు ఈ తిరుగుడు సాగుతుంది. అంతటితో గడిచేది పంపు నడిచిన కాలంలో ఒక్క చిన్న క్షణమే. తరువాతి క్షణానికి మళ్లీ ఇదే పని. మనిషి చేతితో చేస్తే ఒక్క బోరుకు జీవితకాలం చాలదు.

గళ్ల పద్ధతిలో ఒక లోపమున్నది. ముందే ముక్కలు ముక్కలుగా ఉన్న బండను ఏకఖండమని భావించడం సరికాదు. 1971లో పీటర్ కండాల్ అనే శాస్త్రజ్ఞుడు బండను విడివిడి దిమ్మెల సమూహంగా చూసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ప్రతి దిమ్మె పక్కదానిని తాకుతూ, జారుతూ, ఒరుసుకుంటూ కదులుతుంది. పాత పగుళ్లతో నిండిన గ్రానైటుకు ఈ చూపు బాగా అమరుతుంది.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. కోరుట్ల పొలం కింద పగుళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కంప్యూటర్‌కు చెప్పేదెవరు? బోరు వెడల్పు ఆరున్నర అంగుళాలు. ఎకరాల కొద్దీ విస్తరించిన బండను ఆ చిన్న రంధ్రం నుంచి చూడాలి. అందుచేత శాస్త్రజ్ఞులు ఒక్క చిత్రాన్ని గీయరు. ఆ ప్రాంతంలోని పగుళ్ల సగటు పొడవు, వాలు, దూరం, దిశ తెలుసుకొని, వాటికి సరిపడే పగుళ్ల వలలను వందల సంఖ్యలో కంప్యూటర్ చేత గీయిస్తారు. ప్రతి వలలోకీ లెక్కలలోనే నీటిని పంపుతారు. వంద చిత్రాలలో అరవై చిత్రాలు బోరుకు నీరు పెరుగుతుందని చూపితే, ఆ రైతుకు చెప్పదగిన నిజాయితీ గల మాట అంతే: పదింట ఆరు పాళ్లు అవకాశమున్నది. కొబ్బరికాయ నిలబెట్టేవాడు ఇంత తక్కువ ధీమాతో మాట్లాడడు. అతని వైపు జనం మొగ్గడంలో ఆశ్చర్యం లేదు.

పగులు తెరుచుకున్నదనే అనుకుంటే, దానిలోకి నీరెక్కడ నుంచి వస్తుంది? బోరు చుట్టూ ఇరవై మీటర్ల దూరం వరకు గుండ్రని పళ్లెం వలె పరుచుకొన్న, అర మిల్లీమీటరు వెడల్పు గల పగులులో పట్టే నీరు దాదాపు 630 లీటర్లు. మూడు డ్రమ్ములకు కొంచెం ఎక్కువ. పగులు నీటికి దారి మాత్రమే. నీటి నిల్వ పైనున్న చివికిన రాతిపొరలోను, దాని కింది సన్నని సందులన్నింటిలోను పరుచుకొని ఉంటుంది. ఆ నిల్వ కూడా పెద్దది కాదు. మహేశ్వరం లెక్కల ప్రకారం నీటిమట్టం మారే పొరలో నూరు పాళ్లకు సుమారు 1.4 పాళ్ల నీరే బయటికి వస్తుంది. అంటే ఒక ఎకరం కింద నీటిమట్టం ఒక మీటరు పడిపోతే లభించేది 57 వేల లీటర్లు.

దీనిని వరిమడితో పోల్చి చూడాలి. ఒక పంటకాలంలో మడికి 1200 మిల్లీమీటర్ల నీరు పెడతారనుకుంటే ఎకరానికి సుమారు 48 లక్షల లీటర్లు అవుతుంది. అందులో సగం తిరిగి నేలలోకి ఇంకుతుందనుకున్నా మిగిలిన 24 లక్షల లీటర్లు గాలిలో కలిసిపోతాయి. అది దాదాపు 43 ఎకరాల కింద నీటిమట్టాన్ని మీటరు దించగల నీరు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన కురిసి, అందులో పదోవంతు భూగర్భానికి చేరితే ఎకరానికి దక్కేది నాలుగు లక్షల లీటర్లు. ఆ లెక్కన బోరు మీద ఒక ఎకరం వరి పండాలంటే ఆరు ఎకరాల మీద కురిసిన వాన కావాలి. పగులును ఎంత వెడల్పు చేసినా ఈ ఆరును ఐదు చేయలేము. ఇటువంటి జమాఖర్చుల కోసమే 1980లలో అమెరికా భూగర్భ సర్వే సంస్థ ‘మాడ్‌ఫ్లో’ అనే కంప్యూటర్ నమూనాను రూపొందించినది. దానిలో గడి ఒక్కొక్కటి వందల అడుగుల వెడల్పుంటుంది. పగులు నమూనా బోరు చుట్టూ ఉన్న కొన్ని గజాలను చూస్తే, ఇది మొత్తం వాగు పరీవాహకాన్ని చూస్తుంది.

రెండింటినీ కలిపి చూసినప్పుడు మరొక సంగతి బయటపడుతుంది. ముప్పై మీటర్ల దూరంలో పొరుగువాని బోరున్నది. పీడనంతో తెరిచిన పగులు ఒక పాత సందును కలుపుకొని ఆ బోరుకు నీరిచ్చే దారిని చేరితే, ఒకరికి పెరిగిన నీరు మరొకరికి తరిగిన నీరే అవుతుంది. ఊరి మొత్తం మీద కొత్త నీరేమీ రాలేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం – వాల్టా – బావుల నమోదునూ, కొత్త బోర్లకు అనుమతినీ నిర్దేశించినది. చట్టం దూరాన్ని నేల మీద కొలుస్తుంది. పగులు నేల కింద ఏ వంకన పోయినదో దానికి తెలియదు. అన్నదమ్ముల పొలాల మధ్య బోరు తగాదాలు వచ్చినప్పుడు పంచాయితీ పెద్దలు చూసేదీ గట్టునే గాని బండను కాదు.

నిల్వ పెరగాలంటే పైనుంచి నీరు దిగాలి. ఈ మూడు ప్రాంతాలు ఆ సంగతిని కళ్లారా చూశాయి. 1963 జూలై 26న పోచంపాడు వద్ద జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ జగిత్యాల ప్రాంతం మీదుగా సాగుతుంది. కాలువ నీరు పారిన చోట మడి నుంచి ఇంకిన నీరే దిగువ బావులకు ఊట అవుతుంది. కాలువ అందని ఎగువ పొలాలు బోర్ల మీదనే ఆధారపడతాయి. సిరిసిల్ల వైపు మానేరు మీద నర్మాల వద్ద ఎగువ మానేరు, మాన్వాడ వద్ద మధ్య మానేరు జలాశయాలున్నాయి. మధ్య మానేరులో నీరు నిలవడం మొదలైన తరువాత పరిసర గ్రామాలలో భూగర్భజలం పైకి వచ్చింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకంలో చెరువుల పూడిక తీసిన ఊళ్లలో కూడా చెరువు కింది బావుల మీద రైతుల చూపు నిలిచినది. నిండిన చెరువు ఒకటి నమూనాలోని గళ్ల మీద పెడితే, దాని నీరు చివికిన రాతి గుండా ఎన్ని నెలలకు ఏ బోరును చేరుతుందో లెక్కించవచ్చు. అదే బోరులో పగులు వెడల్పు చేస్తే అప్పుడు దానికి అర్థముంటుంది.

ఈ లెక్కలన్నింటికీ ముడిసరుకు కొలతలే. మహేశ్వరంలో వందలాది బోర్లను కొలిచారు కనుకనే అక్కడి బండను గురించి ఇంత చెప్పగలిగారు. తక్కిన ఊళ్లలో ఆ సమాచారం లేకపోలేదు. అది కాగితం మీదికి రాలేదు. ఏ అడుగు వద్ద దుమ్ము తడిసినదో, ఏ అడుగు వద్ద రాయి రంగు మారినదో, కేసింగు ఎంత లోతు దిగినదో బోరుబండి మీది యువకునికి తెలుసు. ఆ రాత్రి బండి మరొక ఊరికి వెళ్లిపోతుంది. రైతు తలలో ఒక్క అంకె మిగులుతుంది, మొత్తం ఎన్ని అడుగులకు డబ్బు కట్టినదీ. మోటారు ఆపిన తరువాత బోరులో నీరు ఎంత లోతున ఉన్నదో తాడుతో కొలవడానికి, బకెట్టు నిండటానికి ఎన్ని క్షణాలు పట్టినదో గడియారం చూసి రాయడానికి శాస్త్రజ్ఞుడు రానక్కరలేదు. ఇంటర్మీడియట్ చదివే పిల్లలు నెలకొకసారి చేయగలరు. అటువంటి కొలతలు రెండు మూడేళ్లవి చేతికి వచ్చిననాడు, ఆ పొలం కోసం కంప్యూటర్ గీసిన వంద చిత్రాలలో సరిపడనివి రాలిపోయి పదో ఇరవయ్యో మిగులుతాయి.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
గ్రానైటు నేలలో నీరు నిలిచే తీరును వివరించి, బోరు లోతు పెంచడం వలన ప్రయోజనం ఎందుకు పరిమితమో తెలపండి.
‘పగులు నీటికి దారి మాత్రమే’ అన్న మాటను పాఠంలోని లెక్కల ఆధారంగా సమర్థించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
పగులు కొస పాకే తీరును మగ్గంతో ఎలా పోల్చారు?
పగులు వెడల్పు 0.1 మి.మీ. నుంచి 0.4 మి.మీ.కు పెరిగితే ప్రవాహం ఎన్ని రెట్లవుతుంది?
శాస్త్రజ్ఞులు ఒకే పొలానికి వందల చిత్రాలు ఎందుకు గీయిస్తారు?

భాషాంశాలు
విడదీసి సంధి పేరు రాయండి: జలాశయం, అత్యధికం, మహేశ్వరం.
సొంత వాక్యాలలో ప్రయోగించండి: ఇంటిల్లిపాది, పడుగుపేక, జమాఖర్చు.